మోటరు లేని మిషను

కళ్యాణదుర్గంలో మా హోటలుకు వచ్చినవాళ్లు ఇప్పటికీ నా మాంసం పులుసు గురించి చెప్పుకుంటారు. ఆ పులుసు గిన్నె కడిగిన నీళ్లు ఎటు పోతాయో మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను చెప్పబోయేది ఆ సంగతే. నేను పది చెబితే నాలుగే నమ్మమని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన కూడా ఎనిమిది దాకా ఒప్పుకుంటాడు.

తొంభైల చివర్లో మాది బస్టాండు పక్కన రేకుల షెడ్డు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం రాగి సంగటి, మాంసం పులుసు. నీళ్లు మూడు రోజులకొకసారి ట్యాంకరులో వచ్చేవి. అందుకని గిన్నెలు మూడు బకెట్లలో మునిగి లేచేవి. మొదటి బకెట్టు చిక్కగా, రెండోది పలచగా ఉండేవి. మూడోది చూడ్డానికి నీళ్లలాగే ఉండేది. వాటిని పారబోయడానికి మాకు చెయ్యి వచ్చేది కాదు. మనిషి వాడిన నీళ్లు బర్రె తాగాలి, బర్రె తాగనివి చెట్టు తాగాలి. మా ఊళ్లో అది ఎవరూ నేర్పని పాఠం. గంజి, సంగటి కుండ, బజ్జీల మూకుడు కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు అన్నీ వెనక గోడవారనున్న కుడితి తొట్టిలో పోసేవాళ్లం.

ఆ తొట్టి ఒక అవ్వది. అంటే తొట్టి మాదే, హక్కు ఆమెది. ఆమెకు ఒక బర్రె ఉండేది. పొద్దునా సాయంత్రం వచ్చి రెండు బిందెలు కుడితి ముంచుకుపోయేది, పోతూ పోతూ ఒక చెంబు మజ్జిగ ఇచ్చేది. ముంచుకునే ముందు తొట్టి పైన తేలే జిడ్డును అరచేత్తో ఒక పక్కకు నెట్టి, తీసి ఆకులో వేసుకునేది. అది ఆమె పొయ్యి రాజేసుకోవడానికి. ఆ తర్వాత బిందెను అడుగుదాకా ముంచి కింది నీళ్లు తీసుకునేది. నాలుగేళ్లు రోజుకు రెండుసార్లు చూశాను. చూడటం వేరు, గమనించడం వేరని తర్వాత తెలిసింది.

మాంసం గిన్నెల పద్ధతి ఇంకొకటి. మా పొయ్యి శెనక్కాయ పొట్టుతో మండే పొయ్యి. మా సీమలో శెనక్కాయకు కరువు వస్తుందేమో గానీ పొట్టుకు రాదు. గిన్నె ఖాళీ కాగానే గుప్పెడు పొట్టు వేసి లోపలంతా రుద్దితే ఉన్న కొవ్వంతా అది పీల్చుకునేది. ఆ పొట్టును మళ్లీ పొయ్యిలోకే తోసేదాన్ని. అది మండేటప్పుడు వచ్చే వాసనకు బస్టాండు కుక్కలన్నీ విందుకు పిలిచారనుకుని వచ్చి వరసగా కూర్చునేవి. వాటికి విస్తర్లు వేయడమొక్కటే తక్కువ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఊళ్లో ఒక పెద్దాయన మెయిన్ రోడ్డు మీద కాంప్లెక్సు కట్టించాడు. బాగా భూములున్న కుటుంబం, రాజకీయాల్లో కూడా తిరిగే మనిషి. కింద అంగళ్లు, మేడ మీద లాడ్జి. ఆయనకు నా పులుసు మీద ప్రేమ. అందుకని మూల గది మాకిచ్చాడు. మేమూ వెనకాడలేదు, ఎందుకంటే రోడ్డు వెడల్పులో మా షెడ్డు అప్పటికే పోయింది.

కొత్త గదిలో తెల్ల టైల్స్, స్టీలు సింకు, గ్యాసు పొయ్యి. సింకు కింద పైపు నోరు తెరుచుకుని ఉండేది. ఏం పోసినా చప్పుడు లేకుండా మింగేసేది. నాకు రాజ్యం వచ్చినట్టయింది. మొదటి వారం ఆ సింకును కొంగుతో తుడిచేదాన్ని. గ్యాసు వచ్చింది కాబట్టి పొట్టు పోయింది. పైపు వచ్చింది కాబట్టి తొట్టి పోయింది. రెండూ పోయినందుకు సంతోషపడ్డాను కూడా.

ప్రారంభం రోజు సాయంత్రం అవ్వ అలవాటుగా బిందెలతో వచ్చింది. నలుగురూ చూస్తున్నారని నాకు నామోషీ వేసింది.

"ఈడ తొట్టి లేదవ్వా. నీళ్లన్నీ పైపులోనే పోతాయి" అన్నాను.

ఆమె సింకు వైపు, పైపు వైపు, నా వైపు చూసింది. "పైపు ఎంత తాగుతాదో చూస్తాంలేమే. నా బర్రె ఒక పూట తాగకుంటే అరుస్తాది. ఇది ఒక పూట తాగకుంటే కక్కుతాది" అని ఖాళీ బిందెలు చంకనేసుకుని పోయింది. మరుసటి రోజు నుంచి మజ్జిగ రాలేదు.

ఎండాకాలం బాగానే గడిచింది. చలి మొదలయ్యాక సింకులో నీళ్లు దిగడానికి ఆలోచించడం మొదలుపెట్టాయి. తర్వాత పైపులో గుడగుడ చప్పుడు. మా ఆయన నిద్రలో చేసే చప్పుడే అనుకుని మొదట్లో లక్ష్యపెట్టలేదు. ఒకరోజు నీళ్లు దిగడం మానేసి పైకి రావడం మొదలుపెట్టాయి. ఒక పెద్ద గిన్నెడు వేడినీళ్లు కాచి పోశాను. జరజరా దిగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడో రోజు పక్కనున్న గుడ్డలంగడి ఆయన వచ్చి తన బాత్రూములో నీళ్లు నిలిచాయన్నాడు. నేను కరిగించి పంపిన జిడ్డు వెళ్లి ఆయన దగ్గర గడ్డకట్టిందన్నమాట. కాంప్లెక్సు మొత్తానికీ ఒకటే పైపు. మా సింకు దగ్గర మొదలై, గుడ్డలంగడి కిందుగా పోయి, లాడ్జి పైపును కలుపుకుని వెనక ట్యాంకులో పడుతుంది.

ఆ పైపు బాగుచేసేవాడి కోసం ఊరంతా వెతికాం. మా ఊళ్లో పైపు అంటే బోరు పైపే. నీళ్లను కిందినుంచి పైకి తెచ్చేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, పైనుంచి కిందికి పంపేవాడు ఒక్కడూ లేడు. చివరికి మా ఆయన ఒక బోరు కంప్రెసరు అతన్ని పిలుచుకొచ్చాడు. పూడిపోయిన బోర్లలోకి గాలి కొట్టి మట్టీ బురదా పైకి ఊదించడం అతని పని. ట్రాక్టరు మీద కంప్రెసరు వేసుకుని ఊరేగింపుగా వచ్చాడు.

"ఐదు నూర్ల అడుగుల బోర్లు ఊదినోన్ని అక్కా. నీ యాభై అడుగుల పైపు నాకొక లెక్కనా?" అన్నాడు.

మాకూ నిజమే అనిపించింది. ఇంకే సీమలోనైనా ఎవరో ఒకరు ఆగమని ఉంటారు. మా దగ్గర మాత్రం వీధి వీధంతా వచ్చి, బోరులో నీళ్లు పడతాయేమోనని చూసినట్టు చుట్టూ నిలబడింది. ఒకాయన కొబ్బరికాయ కూడా తెచ్చాడు. కంప్రెసరు అతను మా సింకు తీసేసి, పైపు నోట్లో గొట్టం దూర్చి, చుట్టూ తడి గోనెసంచులు కుక్కి, గాలి వదిలాడు.

బోరుకు ఒకటే నోరు. ఈ పైపుకు చాలా నోళ్లున్నాయి. ఆ సంగతి గాలికి మాకంటే ముందే తెలిసింది. అడ్డం పడిన గడ్డ గుడ్డలంగడి దాటాక ఉంది. అందుకని గాలి ముందుకు పోలేక, దారిలో ఉన్నదంతా మూటగట్టుకుని అంగడి బాత్రూములోంచి లేచింది. ఆయన ఆ బాత్రూమును గోడౌనుగా వాడుకుంటున్నాడని మాకేం తెలుసు. పెళ్లిళ్లకు తెప్పించిన తెల్ల పంచెల కట్టలన్నీ ఒక్క క్షణంలో రాగి సంగటి రంగుకు తిరిగాయి. అప్పటికి గడ్డ కాస్త పగిలినట్టుంది. మిగిలిన గాలి మేడ మీదికి పోయింది. లాడ్జిలో ఒక శెనక్కాయల వ్యాపారి అప్పుడే ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. ఆయన కూర్చున్నచోటు నుంచి జానెడు ఎత్తు లేచాడని నేను చెబుతాను. బెత్తెడే అని మా ఆయన అంటాడు. లేచిన మాట మాత్రం ఇద్దరమూ ఒప్పుకుంటాం. ఆయన ఖాళీ చేసి కిందికి దిగి వస్తుంటే జనం రెండుగా చీలి దారి ఇచ్చారు.

కొబ్బరికాయ తెచ్చినాయన దాన్ని కొట్టకుండానే తీసుకుని వెళ్లిపోయాడు.

పంచెల ఖర్చు, లాడ్జి గది ఖర్చు ఎట్లా తీర్చామో అది వేరే పురాణం. పెద్దాయన వచ్చి అంతా చూసి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, కేక వేయకుండా మాట్లాడాడు. కేక వేసి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

"ఏమ్మా, నీ పులుసు నాకు ఇష్టమే. అది పోయే దారే ఇష్టం లేదు. వచ్చే నెల మా మనవడి పుట్టెంట్రుకలు తీస్తాండాం. నాలుగు నూర్ల మందికి మాంసం, సంగటి ఈడనే నువ్వే చెయ్యి. ఆ దినం పైపు పొంగిందంటే మరుసటి దినం సామాన్లు సర్దుకో."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూరకు నేను కావాలి, పైపుకు నేను వద్దు. వెనక్కి పోదామంటే షెడ్డున్న చోట ఇప్పుడు తారు రోడ్డు. కొత్త గదికి పెట్టింది పోగా మా దగ్గర మిగిలింది గరిటెలు.

ఆ సాయంత్రం పైపు కోయించి గడ్డను బయటికి లాగించాం. ముంజేయంత లావు, మూరెడు పొడవు. తెల్లగా, బూడిద రంగుగా, ఎర్రగా చారలు చారలుగా ఉంది. తాడిపత్రి రాళ్ల ఫ్యాక్టరీ వాళ్లు చూసి ఉంటే కోసి పాలిష్ పట్టి లారీకెత్తేవాళ్లు. మా ఆయన ఒక పుల్ల తీసుకుని చారలు చూపించాడు. ఇది బజ్జీల నూనె, ఇది మాంసం కొవ్వు, ఇది సంగటి, ఇది గిన్నెలు తోమిన బూడిద. అన్నీ కలిసి చలికి సిమెంటులాగా పట్టుకున్నాయి. మేం పోసే నీళ్లేమో పొదుపు నీళ్లు. వాటికి దీన్ని తోసే బలం లేదు.

తర్వాత పుల్ల ఆపి ఆయన నన్ను అడిగాడు. "షెడ్డులో ఉన్నప్పుడు ఇదంతా యాడికి పోతాండె మే?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సగం పొట్టులో పడి పొయ్యిలోకి పోయింది. మిగతా సగం అవ్వ అరచేతి మీదుగా పోయింది.

మరుసటి రోజు పొద్దున అవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"పైపు కక్కిందంట కదా."

"కక్కింది అవ్వా."

"ఎంత ఎత్తుకు?"

"మేడ మీదికి."

"నా బర్రె ఎప్పుడన్నా మేడ మీదికి కక్కిందామే?"

"లేదవ్వా."

పక్కనే కట్టేసి ఉన్న బర్రె కూడా నన్ను అదే ప్రశ్న అడుగుతున్నట్టు చూసింది. నేను నేల మీద కూర్చుని ఆమెతో పాటు కాయలు ఒలవడం మొదలుపెట్టాను. చేట సగం నిండింది. ఆ తర్వాత షరతులు చెప్పింది. సబ్బు నీళ్లు తొట్టిలో పడకూడదు, పడితే బర్రె నురగ పితుకుతుందట. మాంసం గిన్నె కడిగిన చుక్క పడకూడదు. కారం ఎక్కువ పడకూడదు. అన్నిటికీ తల ఊపాను. చివరి షరతు దగ్గర మాత్రం చేతిలో కాయ పక్కన పెట్టింది.

"ఎనక సందులో నుంచి రాను. ముందర వాకిట్లో నుంచే వస్తా, నీ తెల్ల రాళ్ల మీదనే నడుస్తా. బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇయ్యాల."

రోజుకు రెండు టీలు ఇస్తానన్నాను. ఒకటి చాలు, రెండోది పిత్తం అంది.

నెల రోజులు నేనూ మా ఆయనా తాపీ పనివాళ్లమయ్యాం. వెనక సందులో సిమెంటుతో మూడు గుంతల తొట్టి కట్టాం. మొదటిది వేరుగా, దానికి తూము లేదు. అది అవ్వది. గంజి, సంగటి, తొక్కలు అందులో. రెండోది సింకు నీళ్లకు, సబ్బు, మాంసం, అన్నిటికీ. రెండుకూ మూడుకూ మధ్య గోడ కట్టబోతుంటే అవ్వ వచ్చి ఆపింది. గోడ అడుగుదాకా కడితే నీళ్లెట్లా పోతాయని అడిగింది. పైనుంచి పొర్లి పోతాయన్నాను. ఆమె నా నుదురు తాకి జ్వరం ఉందేమో చూసింది. "జిడ్డు పైనే గదమే తేలేది. పైనుంచి పొర్లితే జిడ్డే పోతాది. నీళ్లు అడుగు నుంచి పోవాల" అంది. నాలుగేళ్లు ఆమె బిందె ముంచిన పద్ధతి నాకు ఆ రోజు అర్థమయింది. గోడకు బదులు తాడిపత్రి పాలిష్ రాయి ముక్కొకటి తెచ్చి, అడుగున నాలుగు వేళ్ల సందు వదిలి నిలబెట్టాం. జిడ్డు రాయికి ఇవతలే తేలుతుంది. నీళ్లు రాయి కిందుగా అవతలికి పోయి పైపులో పడతాయి. సింకు కన్నానికి రాగులు జల్లించే జల్లెడ ముక్క బిగించాం. సందులో పొట్టు పొయ్యి మళ్లీ వెలిసింది. మాంసం గిన్నె పొట్టుతో రుద్దనిదే సింకు మొహం చూడకూడదని చట్టం చేశాను. పొద్దున్నే రెండో గుంత మీది జిడ్డు తీసి పొట్టులో కలిపి పొయ్యిలో వేయడం మా ఆయన ఉద్యోగం. బస్టాండు కుక్కలు అడ్రసు కనుక్కుని వచ్చేశాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. పెద్దాయన తన కొత్త బిల్డింగులో కుడితి తొట్టి అంటే ఒప్పుకుంటాడా? ఒకరోజు సందులోకి తొంగిచూసి ఇదేందని అడిగాడు. నా నాలుక నన్ను అడగకుండానే పని మొదలుపెట్టింది. బెంగుళూరులో పెద్ద పెద్ద హోటళ్లలో పెట్టే మిషను అని చెప్పాను. జిడ్డును వేరు చేస్తుంది, నీళ్లను వేరు చేస్తుంది, దొరలు కూడా ఇదే వాడతారు అన్నాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు.

"మోటరు యాడుండాది?"

"మోటరు లేదన్నా. కరెంటు లేకున్నా నడుస్తాది. అందుకే బెంగుళూరులో అంత గిరాకీ."

కరెంటు లేకుండా నడిచేది ఏదైనా మా ఊళ్లో అందరికీ నచ్చుతుంది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో మా ఆయన దండం పెడుతూ నిలబడి ఉన్నాడు. నాకు కాదు, దేవుడికి.

పుట్టెంట్రుకల రోజు రానే వచ్చింది. నాలుగు వందలన్నారు, ఆరు వందలు తిన్నారు. నేనైతే వెయ్యి అని చెప్పుకుంటాను. మనవడు గుండు మీద గంధంతో ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మారుతున్నాడు. నా కళ్లు మాత్రం సింకు మీదే ఉన్నాయి. ఒక బంతి లేచింది, రెండో బంతి లేచింది. గిన్నెలు వస్తున్నాయి, పొట్టు పడుతోంది, నీళ్లు దిగుతున్నాయి. గుడ్డలంగడి ఆయన భోజనానికి రాకుండా తన బాత్రూము గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. మా ఆయన రెండో గుంత మీది జిడ్డు మూడుసార్లు తీశాడు. మూడో గుంతలో నీళ్లు నిదానంగా, మర్యాదగా పోతున్నాయి.

చివరి బంతి అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దాయన ఆకు వక్క నములుతూ పదిమంది పెద్దమనుషులతో సందులోకి వస్తున్నాడు. మిషను చూపించడానికి. చూసినప్పటి నుంచి ఊరందరికీ బెంగుళూరు మిషను గురించి ఆయనే చెప్పుకున్నాడట. నా అబద్ధం నాకంటే ఎక్కువ దూరం తిరిగివచ్చింది.

సందు మలుపు తిరిగేసరికి మిషను మీద రెండు కొమ్ములు కనబడ్డాయి.

ఆరోజు కుడితి ఎక్కువైంది. బిందెలతో మోయలేక అవ్వ బర్రెనే తోలుకొచ్చింది. అది మొదటి గుంతలో చెవుల దాకా మూతి పెట్టి, ప్రపంచంతో పనిలేకుండా తాగుతోంది. పెద్దాయన నిలబడిపోయాడు. వెనకున్నవాళ్లు ఆయన వీపుకు తగులుకుని నిలబడ్డారు. నా నాలుక జీవితంలో మొదటిసారి నాకు సాయం రాలేదు.

"ఇదేందవ్వా?" అన్నాడాయన.

అవ్వ బర్రె వీపు మీద చెయ్యి వేసింది. "మోటరు నాయనా."

బర్రె తల ఎత్తకుండా తాగుతూనే ఉంది. పెద్దాయన నా వైపు చూడకుండా ముందుకు వచ్చి, వంగి, వెనక ట్యాంకు ముందున్న చాంబరు మూత తనే ఎత్తాడు. ఆరు వందల మంది తిన్న మధ్యాహ్నం అది. లోపల నీళ్లు పలచగా, గలగలా పోతున్నాయి. ఎంతసేపు చూశాడో. తర్వాత మూత పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"బెంగుళూరు మోటరు మాదిరి లేదే ఇది" అన్నాడు నాతో.

"బెంగుళూరులో ఇట్లాంటిది దొరకదన్నా" అన్నాను. ఈ మాట నిజమే.

ముందు ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. చివరికి ఆకు వక్క ఉమ్మి గోడ పట్టుకుని నవ్వాడు. పదిమందీ నవ్వారు. గుడ్డలంగడి ఆయన కుర్చీతో సహా వచ్చి సంగతేమిటని అడిగి, విని, అందరూ ఆపేశాక ఒక్కడే నవ్వాడు. సామాన్లు సర్దే మాట ఆ రోజూ ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు. పోతూ పోతూ తన ఇంకో బిల్డింగులోని టిఫిను సెంటరు వెనక కూడా ఇట్లాంటిదొకటి కట్టించమన్నాడు. అవ్వ వెంటనే, మోటరు ఒకటే ఉందనీ, రెండోది కొనాలంటే పెద్దాయనే కొనాలనీ చెప్పింది. ఆయన కొన్నాడు కూడా, పాలలో సగం తన ఇంటికి రావాలనే ఒప్పందం మీద.

ఆ సాయంత్రం అవ్వ ముందు వాకిట్లో నుంచి, తెల్ల టైల్స్ మీద తడి కాళ్ల గుర్తులు వేసుకుంటూ వచ్చి బెంచీ మధ్యలో కూర్చుంది. నేనే టీ తెచ్చిచ్చాను. ఆమె కొంగు చాటు నుంచి చెంబు తీసి బల్ల మీద పెట్టింది. మజ్జిగ.

మరుసటి ఏడు అవ్వ మోటరు ఈనింది. మొదటి జున్ను మా హోటలుకే వచ్చింది. ఆ కబురు ఎట్లా తెలిసిందో గానీ, పెద్దాయన మాకంటే ముందే వచ్చి బెంచీ మీద అవ్వ పక్కన కూర్చుని ఉన్నాడు.